యానాంలో మకావు భోజనం: వంట బాగుంది, పేరే కుదరలేదు

యానాంలో గౌతమి ఒడ్డుకు రెండు వీధుల ఇవతల, ఒక పాత డాబా ఇంటి పై అంతస్తులో, ఆదివారం మధ్యాహ్నాలు మాత్రమే, అదీ రెండు రోజుల ముందు చెప్పుకొన్నవారికే మకావు భోజనం వడ్డిస్తున్నారని విని క్రిందటి వారం నలుగురం వెళ్ళాము. యజమాని చైనా దక్షిణ తీరాన, ఒకప్పుడు పోర్చుగీసువారు ఏలిన మకావులో ఒక హోటలు వంటశాలలో కొన్నేళ్ళు పనిచేసి వచ్చినవారు. మా అమ్మాయి హాంగ్‌కాంగ్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నేను పడవెక్కి మకావు వెళ్ళి అక్కడి ఇంటివంట రెండు మూడుసార్లు తిన్నాను కనుక, ఆ రుచితో పోల్చి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా నాకు నచ్చని సంగతి. బల్ల మీద పెట్టిన అట్టముక్క మీద ‘చైనా పోర్చుగీసు ఫ్యూజన్’ అని అచ్చువేయించారు. పోర్చుగీసువారు 1557లో మకావులో స్థిరపడేనాటికే వారి ఓడలు 1510లో పట్టుకొన్న గోవా, 1511లో పట్టుకొన్న మలక్కా (ఇప్పటి మలేషియాలోని రేవు) మీదుగా నడుస్తుండేవి. ఆ దారిపొడవునా కలిసిన వియ్యాల వల్ల గోవా, మలక్కా, జపాను ఆడపడుచుల చేతివాటం, తరువాతి కాలంలో చైనా ఇల్లాళ్ళ చేతివాటం, అన్నీ ఒకే పొయ్యి మీదికి చేరాయి. ఆ ఇళ్ళలో పుట్టినవారే మకానీయులు. పోర్చుగీసులో వారికి ‘నేలబిడ్డలు’ అని అర్థం వచ్చే పేరొకటి ఉన్నది. నాలుగు శతాబ్దాలుగా సాగుతున్న సంసారపు వంటను పట్టుకొని, నిన్న మొన్న ఎవరో రెండు డబ్బాలు కలిపి చేసిన ప్రయోగంలాగా పేరు పెట్టడమేమిటని అడిగితే, యజమాని నవ్వి, “ఆయ్, చైనా అని రాస్తేనే జనం మెట్లెక్కుతున్నారండి మాస్టారూ” అన్నారు. వ్యాపారం ఆయనది, కాదనలేను.

వంటకు మాత్రం వంక పెట్టలేను. మొదట ‘మించి’ అనే వంటకం వచ్చింది. ఇంగ్లీషు ‘మిన్స్’ నుంచి వచ్చిందని చెప్పే ఈ పేరు గల వంటకం మకానీయుల ఇళ్ళలో మన పప్పన్నంలాగా రోజువారీది: సోయా సాసుతో వేయించిన కైమా, చిన్న పలకలుగా తరిగి విడిగా వేయించిన బంగాళాదుంప, అన్నం, పైన ఒక గుడ్డు. అక్కడ పంది మాంసంతోనో గొడ్డు మాంసంతోనో చేస్తారు; ఇక్కడ కోడి కైమా వాడారు, అందువల్ల కొవ్వు తగ్గి కొంచెం పొడిగా అనిపించింది. అయితే గుడ్డు అంచు సన్నని జాలీలా ఎర్రగా కాలి, చెంచా తగలగానే సొన జారి దుంప ముక్కల సందుల్లోకి దిగింది. ఆ తరువాత పొడి సంగతి ఎవరికీ గుర్తు లేదు.

పోర్చుగీసు కోడి కూర అని పిలిచే రెండవ వంటకం పోర్చుగల్లులో ఎవరూ ఎరగనిది. పసుపు, కొబ్బరి పాలు, దుంపలు, ఆలివులు వేసి, చివర పొయ్యిలో పెట్టి పైభాగం కాలుస్తారు. అంబాజీపేట కొబ్బరికాయలు గంటలో చేరే ఊరిలో ఈ కూర చెడిపోవడానికి అవకాశమే లేదు, చెడలేదు కూడా. నిజం చెప్పాలంటే నేను మకావులో తిన్నదానికంటే ఇదే చిక్కగా ఉన్నది.

నేను అసలు వెళ్ళినది బలిషాంవ్ కోసం. చిట్టి రొయ్యలను ఉప్పు, మిరప, మిరియాలు, బిర్యానీ ఆకు, కొంచెం సారాతో ఊరవేసే పచ్చడి ఇది. గోవా బల్చావ్‌కు దగ్గరి చుట్టం. యజమాని సీసా మూత తీసి నా ముందు పెట్టగానే, వర్షాకాలంలో మా అమ్మమ్మగారి అటక మీది రొయ్యపొట్టు డబ్బా గుర్తుకు వచ్చింది. దీన్ని చింతపండుతో కలిపి మాంసం వండడం అక్కడి పద్ధతి. ఇక్కడ వంకాయతో వండారు. మన నాలుకకు అది తప్పు కాదు, కానీ చింతపండు ఇంకొంచెం పడవలసింది.

అట్టముక్క వెనుక వైపు ఖాళీగా వదిలేశారు. అక్కడ మకానీయుల భాష పటువా నుంచి నాలుగు మాటలైనా వేయించి ఉంటే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. పోర్చుగీసు మొదలుగా మలయ్, కొంకణి, సింహళం, కాంటనీస్ కలిసిన ఈ ఇంటిభాష తీవ్రంగా అంతరించిపోతున్న భాషలలో ఒకటని యునెస్కో 2009లో చేర్చింది. అందులో బహువచనానికి మాటను రెండుసార్లు అంటారు; ‘కాజ’ అంటే ఇల్లు, ‘కాజ కాజ’ అంటే ఇళ్ళు. (కాకినాడ కాజాతో సంబంధం లేదు, మా మనుమడు మాత్రం నమ్మలేదు.) ఈ భాషలోనే జోసే దోస్ సాంతోస్ ఫెరైరా 1993లో కన్నుమూసేవరకు కవిత్వం రాశారు, అదే ఏడు మొదలైన ‘దోసి పాపియాసాం ది మకావ్’ నాటక బృందం ఇప్పటికీ ఈ భాషలో హాస్య నాటకాలు ఆడుతున్నది. అలమార, బొత్తాము, ఇస్త్రీ, అనాస అంటూ పోర్చుగీసు మాటలను తెలియకుండానే వాడుకొనే మనకు ఆ నాలుగు మాటలు పరాయివిగా తోచవు.

తీపికి వచ్చిన సెర్రదూరా నచ్చలేదు. పేరుకు ‘రంపపు పొట్టు’ అని అర్థం. మీగడ మధ్య బిస్కెట్టు పొడి పొరలు పొడిపొడిగా నిలవాలి. ఇక్కడ డబ్బా మీగడ వాడారు, పొడి ముద్దయింది. దానికి బదులు అలువా చేయవచ్చు కదా అన్నాను. మన హల్వా పేరే అది, బియ్యప్పిండి, కొబ్బరి, బాదం పలుకులతో చేస్తారు. క్రిస్మస్‌కు మకానీయులు దానితో పాటు మరి రెండు పిండివంటలు చేసి, అలువా బాలయేసు పరుపు, కొస్కొరాంవ్ దుప్పటి, ఫార్తెస్ తలగడ అని పిల్లలకు చెప్పుకొంటారు. డిసెంబరులో ముందుగా చెప్పినవారికి మూడూ చేసి ఇస్తానని ఆయన మాట ఇచ్చారు. నేను అక్కడే అర కిలో చెప్పి వచ్చాను.

నలుగురికి 2,600 రూపాయలు అయింది. కార్డు తీసుకోరు. ఎదుర్లంక వంతెన మీదుగా కోనసీమ నుంచి వచ్చేవారు పన్నెండున్నరకే చేరుకోవడం మంచిది; ఒంటిగంట దాటితే కోడి కూర అయిపోతున్నది.