కోసిన టవర్, నిలబెట్టిన సెంటర్: మూడు వానాకాలాల తర్వాత

రాత్రి పదకొండు దాటాక రిసీవర్ వాల్యూమ్ మైనస్ 40 దగ్గరున్నా, సిక్కోలు యాసలో గొణిగిన డైలాగు కూడా మాట మాటా విడివిడిగా వినిపిస్తోంది. టవర్ స్పీకర్‌ను కోసి, టీవీ కింద మాటలు పలికే మధ్య స్పీకర్‌గా (సెంటర్) మార్చిన ఈ పనిలో దక్కిన లాభమంతా అదే. తెర మీద ఆటో ఎడమ నుంచి కుడికి పోతే దారిలో దాని గొంతు మారదు. ఇంతకుముందున్న చిన్న రెడీమేడ్ సెంటర్‌తో ఎడమన ఆటో, మధ్యలో మోపెడ్, కుడిన మళ్లీ ఆటో వినపడేవి. ఇప్పుడు మూడు చోట్లా అదే ట్వీటర్ (సన్న శబ్దాలు పలికేది), అదే ఆరున్నర అంగుళాల వూఫర్ (బరువు శబ్దాలు పలికేది).

కోసింది బాగున్న టవర్‌ను కాదు. తెరకు రెండు పక్కలా ఉన్న టవర్ల జత మోడల్‌దే ఒంటి టవర్, రెండు వూఫర్లలో కిందిదాని కాయిల్ కాలిపోయింది కాబట్టి చవగ్గా దొరికింది. కాలిన వూఫర్ మార్చి, కోయకుండా టీవీ కింద అడ్డంగా పడుకోబెడితే సరిపోదా అంటారు. పోదు. రెండు వూఫర్లు పక్కపక్కకి వస్తాయి, మధ్య దూరం 20 సెం.మీ. 2 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 17 సెం.మీ. లెక్కేస్తే సుమారు 25 డిగ్రీల పక్కన ఒకదాని శబ్దాన్ని ఇంకొకటి తినేస్తుంది. మూడు మీటర్ల దూరంలో అది సోఫా చివర కూర్చున్నవాళ్ల చోటు. వాళ్లకు మాట మందగిస్తుంది. అందుకే పై వూఫర్, ట్వీటర్ ఉన్న 40 సెం.మీ. ముక్కను కోసి, నిలువుగానే పెట్టాలి.

కోత గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. స్పీకర్లు ముందే విప్పాలి, లేకపోతే పొట్టు కాయిల్ సందులోకి పోతుంది. గీత వెంట మాస్కింగ్ టేప్ వేస్తే పై తొడుగు చిట్లదు. లోపల 14 లీటర్లు మిగిలాయి. వెనక పోర్ట్ (గాలి గొట్టం) కింది ముక్కతో పోయింది కాబట్టి, కోసిన చోట అడుగు పలక బిగించాక ఇది గాలి పోని మూత డబ్బా. 74 హెర్ట్జ్ దాకా నిలబడుతుంది. రిసీవర్‌లో సెంటర్ హద్దు 80 హెర్ట్జ్ పెడితే, అంతకంటే కింది శబ్దాల పని సబ్‌వూఫర్‌ది. లోపల 150 గ్రాముల పాలిస్టర్ దూది చాలు. దిండులోని బూరుగు దూది పెట్టొద్దు, తేమకు ముద్దకడుతుంది.

ఎక్కువమంది పప్పులో కాలేసేది క్రాసోవర్ దగ్గర, అంటే ఏ శబ్దం వూఫర్‌కు, ఏది ట్వీటర్‌కు పోవాలో విడగొట్టే బోర్డు దగ్గర. రెండు 8 ఓమ్ వూఫర్లు ప్యారలల్‌లో 4 ఓమ్‌లుగా ఉండేవి. ఒకటి తీసేస్తే 8. పాత బోర్డు అలాగే బిగిస్తే లెక్క తప్పి వూఫర్ ట్వీటర్ హద్దులోకి దూరుతుంది. పైగా వూఫర్ వైపు శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది, ట్వీటర్ మాత్రం పాత జోరులోనే ఉంటుంది. 'స' పలికినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుంటుంది. ఈ బోర్డులో వూఫర్ వైపు కాయిల్ 0.5 మిల్లీహెన్రీ, కెపాసిటర్ 8 మైక్రోఫారడ్. కాయిల్ రెట్టింపు, కెపాసిటర్ సగం కావాలి. కొత్తవి రెండూ కొనక్కర్లేదు. పాత కాయిల్‌కు ఇంకో 0.5 సిరీస్‌లో, పాత కెపాసిటర్‌కు ఇంకో 8 సిరీస్‌లో కలిపితే 1 మిల్లీహెన్రీ, 4 మైక్రోఫారడ్ వచ్చేస్తాయి. కాయిల్స్ రెండూ ఒకదానికొకటి అడ్డంగా, దూరంగా ఉండాలి. దగ్గరగా ఒకే దిక్కున పెడితే విలువ మారిపోతుంది. ట్వీటర్ జోరు తగ్గడానికి దాని ముందు, ఫిల్టర్ తర్వాత, 4 ఓమ్‌లు సిరీస్‌లో, ట్వీటర్‌కు ప్యారలల్‌లో 8 ఓమ్‌లు. రెండూ 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్లే.

స్టాండ్ కోసం మిగిలిన కింది సగాన్నే 30 సెం.మీ.కి కోసి ఇసుక పోశాను. టీవీ గోడకుంది, దాని కింద 75 సెం.మీ. ఖాళీ. ట్వీటర్ చెవికంటే కిందే ఉంటుంది కాబట్టి ముందువైపు మూడున్నర సెం.మీ. చెక్కముక్క పెట్టి 7 డిగ్రీలు పైకి ఎత్తాలి.

తంటా వచ్చింది రెండో వానాకాలంలో. విజయనగరంలో వాయుగుండం పట్టి వారం రోజులు ముసురు. అప్పటినుంచి బరువైన మగ గొంతు వచ్చినప్పుడల్లా 'బుస్' అని పాము బుసలాంటి చప్పుడు. వూఫర్ కాయిల్ రాసుకుంటోందేమోనని విప్పి చూస్తే శుభ్రంగా ఉంది. అరచేతులతో కోన్‌ను మెల్లగా లోపలికి నొక్కి వదిలితే టక్కున వచ్చేసింది. మూత డబ్బాలో అది నెమ్మదిగా రావాలి. అంటే ఎక్కడో గాలి పోతోంది. రిసీవర్‌లో సెంటర్‌ను 'లార్జ్'కి మార్చి (బరువు శబ్దాలు కూడా దానికే పోయేలా), 40 హెర్ట్జ్ టోన్ సన్నగా పెట్టి, అతుకుల వెంట అగరుబత్తి తిప్పాలి. మూడు పక్కలా పొగ నిటారుగా లేచింది. వెనక కింది అంచు దగ్గర మాత్రం వణికింది.

తప్పు కోతదే. ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసే పలక) కోసిన అంచు తేమను స్పాంజిలా పీల్చుకుంటుంది. 18 మి.మీ. అంచు 20కి ఉబ్బి, అందులోకి నేరుగా బిగించిన స్క్రూలు పట్టు వదిలేశాయి. సరిగా ఆరని ఇసుక కింద నుంచి ఇంకాస్త తేమ పట్టించింది. ఉబ్బిన చోటు గీకి, ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి రెండు పూతలు వేసి, లోపలి మూలల వెంట చెక్క బద్దలు అంటించి, స్క్రూలు వాటిలోకి దింపాను. ముందుగా 2.5 మి.మీ. రంధ్రం తప్పనిసరి. డబ్బాకూ అడుగు పలకకూ మధ్య, తలుపులకు వేసే ఫోమ్ టేప్. అడుక్కి ఇప్పుడు 18 మి.మీ. ప్లైవుడ్. పనస చెక్క వేస్తే బాగుండును అనేవాళ్లున్నారు. బొబ్బిలి వీణకు పనస దుంగ తొలిచేది అది పలకాలని. స్పీకర్ డబ్బా పలికితే కొంప మునిగినట్టే. ఇసుకను ఎండబెట్టి పాలిథిన్ సంచిలో కట్టాక, మూడో వానాకాలం చప్పుడు లేకుండా గడిచింది.

మాట బాగుందన్నానా, అది మామూలు వాల్యూమ్‌లో. ఒక్క వూఫరే కాబట్టి రిసీవర్‌లో సెంటర్‌కు 6 డెసిబెల్స్ పెంచాలి. పక్క టవర్లతో సమానంగా మోగాలంటే వాటికి రెట్టింపు వాట్లు తాగుతుంది. పండగ రోజుల్లో పదిమంది చేరి గట్టిగా పెడితే, ఫైట్ల మధ్య అరుపుల్లో గొంతు బిగుసుకుపోతుంది. మా గది 10 బై 12 అడుగులు, వినేది ఇద్దరు ముగ్గురు, కాబట్టి ఆ ఇబ్బంది ఏడాదికి రెండుసార్లే. హాలు పెద్దదైనా, టీవీ బల్లమీదుండి కింద జానెడు సందే ఉన్నా ఇది కుదరదు. జత మోడల్‌దే ఒంటి టవర్ చేతికి రాకపోయినా ఈ రంపం జోలికి పోవద్దు.