చక్రవాకం 26వ మేళమట! ఆ సంగీత క్విజ్ ఆటకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

కర్ణాటక సంగీతం మీద క్విజ్ ఆట, ఎక్కడెక్కడి మిత్రులైనా ఆరుగురు కలిసి ఫోనులో ఆడుకోవచ్చు, "విద్వాంసులు పరిశీలించిన 5,000 ప్రశ్నలు", మొదటి వారం 1 రూపాయి మాత్రమే. ఇలాంటి ప్రకటన మీకు కనబడితే కాస్త ఆగండి. నేను ఆగలేదు. 2,094 రూపాయలు పోయాయి. ఫిర్యాదు ఇంకా తేలలేదు కాబట్టి ఆట పేరు రాయడం లేదు. జరిగింది మాత్రం దాచకుండా చెబుతాను.

మాది గుంటూరు, బ్రాడీపేట. 2020లో అందరం ఇళ్లకే పరిమితమైనప్పుడు ఒక ఆన్‌లైన్ కచేరీలో పరిచయమైన ఆరుగురం మేము. ఒకరు మస్కట్‌లో, ఒకరు బెంగళూరులో, ఇద్దరు హైదరాబాదులో, అక్కయ్యగారు విజయవాడ సత్యనారాయణపురంలో. వీరిలో ముగ్గురిని నేను ఇప్పటికీ నేరుగా చూడలేదు. అయినా ప్రతి శనివారం రాత్రి 9 గంటలకు వీడియోలో కలవకపోతే ఆ వారం వెలితిగా ఉంటుంది. ఒకరు ప్రశ్నలు రాసుకొస్తారు, మిగతావాళ్లు జవాబులు చెబుతారు. చెప్పి ఊరుకుంటే బాగానే ఉండును! విజయవాడ రేడియో కేంద్రం ఎప్పుడు మొదలైందని అడిగితే 1948 డిసెంబరు 1 అని జవాబు వస్తుంది, వెంటనే ఎవరో ఒకరు భక్తిరంజని ఎత్తుకుంటారు. అక్కడి నుంచి బాలమురళీకృష్ణ. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన గురువు సాక్షాత్తు త్యాగయ్య అంటూ అక్కయ్యగారు ఒక్కొక్క మెట్టే దిగుతూ వెళ్తుంటే గంట గడిచిపోతుంది. మార్కులు వేసే నాథుడు ఉండడు.

అదే మాకొచ్చిన తంటా. మార్కులు లెక్కపెట్టే పని ఏదైనా యంత్రానికి అప్పగిద్దామని మస్కట్ తమ్ముడు ఈ ప్రకటన పంపాడు. 1 రూపాయే కదా అని నా ఫోనులో నేనే తీసుకున్నాను.

మొదటి శనివారం సరదాగానే నడిచింది. రెండో శనివారం వచ్చింది అసలు ప్రశ్న: "చక్రవాకం ఎన్నో మేళకర్త?" మేళకర్తలంటే కర్ణాటక సంగీతంలోని 72 మూల రాగాలు, ఒక్కోదానికి ఒక వరుస సంఖ్య ఉంటుంది. అక్కయ్యగారు అందరికంటే ముందు 16 నొక్కారు. తెర ఎర్రబడింది. సరైన జవాబు 26 అని చూపించి, అయిదు మార్కులు కోసేసింది. మేము గొల్లుమన్నాం. ఆవిడ మాత్రం నవ్వలేదు. నలభై ఏళ్లపాటు పిల్లలకు మాయామాళవగౌళలో సరళీ స్వరాలు నేర్పిన మనిషి. మాయామాళవగౌళ 15, దాని పక్కనే చక్రవాకం 16. ఆవిడకు అది తన ఇంటి తలుపు నంబరు తెలిసినంత తెలుసు. అయినా మర్నాడు ఉదయం నాకు ఫోను చేసి, "నా పాత నోటుపుస్తకాలన్నీ అటక మీద నుంచి దింపించానమ్మా, 16 అనే ఉంది. ఈమధ్య ఏమైనా మార్చారా?" అని అడిగారు. పోయిన డబ్బుకంటే ఆ ప్రశ్నే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ 26 ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత కూర్చుని లెక్క తీశాను. కటపయాది సూత్రం ప్రకారం రాగం పేరులోని మొదటి రెండు అక్షరాలకు అంకెలు వేసి తిరగేస్తే మేళం సంఖ్య వస్తుంది. చ అంటే 6. సంయుక్తాక్షరంలో చివరి హల్లును తీసుకోవాలన్నది మామూలు నియమం. ఆ లెక్కన క్రలో ర అంటే 2. 62ను తిరగేస్తే 26. కానీ చక్రవాకం ఆ నియమానికి లొంగని పేర్లలో ఒకటి. అక్కడ క తీసుకోవాలి, అంటే 1. 61ని తిరగేస్తే 16. సంగీతం నేర్చుకునే పిల్లలకు కూడా గురువులు విడిగా చెప్పే సంగతి ఇది. ఎవరో సూత్రాన్ని కంప్యూటర్‌కు అప్పగించి, 72 పేర్లకూ జవాబులు పిండి, విద్వాంసుల పేరు తగిలించారు. తమాషా ఏమిటంటే అదే రాత్రి మరో ప్రశ్నలో చారుకేశి కూడా 26 అని వచ్చింది. అది నిజంగానే 26. ఒక ఇంట్లో రెండు రాగాలు కాపురం పెట్టాయన్నమాట.

ఆ తర్వాత తప్పులు వెతకడమే మాకు ఆటైపోయింది. త్యాగరాజ పంచరత్న కీర్తనలు అయిదూ తెలుగులోనే ఉన్నాయట. నాట రాగంలోని జగదానందకారక సంస్కృతమని తెలియనివాళ్లు ప్రశ్నలు తయారుచేశారు. షేక్ చినమౌలానా వాద్యం షెహనాయి అట! ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడాయన. ప్రకాశం జిల్లా ఏర్పడకముందు ఆ ఊరు మా గుంటూరు జిల్లాలోనే ఉండేది. ముస్లిం పేరు కనబడగానే షెహనాయి అనుకున్నారు కాబోలు. ఈ ఒక్క ప్రశ్నకు నేను కంపెనీకి మూడుసార్లు రాశాను, మూడుసార్లూ "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అనే జవాబు వచ్చింది.

రాగం గుర్తుపట్టే భాగం మరీ అన్యాయం. కీబోర్డు మీద గమకం (స్వరాన్ని ఊపి పలికించే తీరు) లేకుండా ఆరోహణ, అవరోహణ, అంటే స్వరాలు ఎక్కే, దిగే వరుసలు వాయించి నాలుగు రాగాల పేర్లు ఇస్తారు. ఒకసారి ఆ నాలుగింటిలో ఆరభి, దేవగాంధారి రెండూ ఉన్నాయి. రెండింటికీ స్వరాలు ఒకటే. తేడా అంతా గమకంలో, నడకలో, ప్రయోగాల్లో ఉంది. వట్టి మెట్లు వాయించి ఏది అని అడిగితే త్యాగయ్య దిగివచ్చినా చెప్పలేడు. ఇక 5,000 ప్రశ్నల సంగతి. లవంగి రాగానికి స్వరాలెన్ని అనే ప్రశ్న ఒకే రాత్రి మూడుసార్లు వచ్చింది. నాలుగు అన్న జవాబు మాత్రం సరైనదే, పాపం.

ఇప్పుడు డబ్బు గురించి. 1 రూపాయి కట్టేటప్పుడు యూపీఐలో ఆటోపేకు, అంటే ప్రతిసారీ మనల్ని అడగకుండా వాళ్లే డబ్బు తీసుకోవడానికి కూడా అనుమతి ఇస్తున్నామని చిన్న అక్షరాల్లో ఉంది. గరిష్ఠ పరిమితి 5,000 రూపాయలు. నేను చదవకుండా పిన్ కొట్టేశాను, తప్పు నాదే. వారం తర్వాత 299 పోయింది. ఇది తెలిసినదే, అభ్యంతరం లేదు. మరుసటి నెల ఒక్కసారిగా 1,794 పోయింది. ఏమిటని చూస్తే, ఒకరు కడితే ఆరుగురూ ఆడుకోవచ్చన్నది మొదటి నెలకే. ఆ తర్వాత ఆట గది తెరిచినవారి ఖాతా నుంచి మనిషికి 299 చొప్పున ఆరుగురి డబ్బూ తీసుకుంటారు. ప్రకటనలో ఎక్కడా ఈ మాట లేదు. డబ్బు కోతపడే ముందురోజు సందేశం వచ్చింది, నిజమే. రోజుకు పాతిక ప్రకటనలు వచ్చే ఫోనులో దాన్నీ ఒక ప్రకటన అనుకున్నాను. ఆటను ఫోనులో నుంచి తీసేస్తే సరిపోతుందని హైదరాబాదు మిత్రురాలు అంది. సరిపోదు. యూపీఐ యాప్‌లోకి వెళ్లి ఆటోపే జాబితాలో ఆ అనుమతిని రద్దు చేస్తేనే కోత ఆగుతుంది. నేను ఆ పని అదే రోజు చేశాను.

డబ్బు వెనక్కి అడిగితే "డిజిటల్ సేవలకు వాపసు ఉండదు" అన్నారు. ఆ మాటకు భయపడకండి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పినట్టు లేని సేవకు డబ్బు తిరిగి ఇవ్వనని అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు బయటపెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. వీళ్ల ఆటలో ఆ అధికారి పేరు ఎంత వెతికినా దొరకలేదు. నేను 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు. ప్రకటన ఫొటో, కోతపడిన సందేశాలు, కంపెనీ ఉత్తరాలు అడిగారు, కాబట్టి ఇవన్నీ మొదటి రోజు నుంచే దాచుకోండి. ఇక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకుంటున్నాను. 5 లక్షల లోపు వ్యవహారాలకు అక్కడ రుసుము లేదు, రెండేళ్ల గడువు ఉంది.

ఇలాంటి ఆట ఏదైనా కొనాలనుకుంటే, ఉచితంగా ఆడనిచ్చే భాగంలోనే మీకు బాగా తెలిసిన ప్రశ్నలు ఎలా ఉన్నాయో చూడండి. చక్రవాకం, చినమౌలానా, జగదానందకారక, ఈ మూడూ సరిగా ఉన్నాయంటే తయారుచేసిన చోట సంగీతం తెలిసిన మనిషి ఒకరైనా ఉన్నారని అర్థం. ఉచిత భాగమే లేదంటే కొనవద్దు. ప్రశ్నలు పరిశీలించిన విద్వాంసుల పేర్లు అడగండి. నేను అడిగితే "గోప్యత" అన్నారు. పాఠ్యపుస్తకం వేసేవాళ్లు కూడా పేరు వేసుకుంటారు కదా, ఇందులో గోప్యత ఏమిటో!

మా శనివారాలు మళ్లీ నోటుపుస్తకానికి వచ్చేశాయి. అక్కయ్యగారే ప్రశ్నలు రాస్తున్నారు, మార్కులు వేయడం మళ్లీ మానేశాం. బెంగళూరు మిత్రుడు కూడా తన ఫోనులో ఒక గది తెరిచి డబ్బు కట్టాడు, దానికి ఇంకా పది రోజుల గడువు ఉందట. నిన్న తెరిచి చూసి ఫోను చేశాడు. మా ఉత్తరాలు ఎవరో చదివినట్టున్నారు, చక్రవాకాన్ని 16కు మార్చారు. దాంతోపాటు చారుకేశిని కూడా 16కే మార్చారు.