ఎనీలాజిక్ రివ్యూ: బొమ్మ కదిలితే సరిపోదు

కౌంటర్ దగ్గర ఇంకో మనిషిని పెట్టాలా, గోదాముకు రెండో గేటు కావాలా? ఇలాంటివి డబ్బు ఖర్చు పెట్టకముందే తేల్చుకోవడానికి, కంప్యూటర్‌లో నమూనా (మోడల్) కట్టి నడిపి చూసే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఎనీలాజిక్ నిజంగా పనికొస్తుంది. నేర్చుకునేవాళ్లకు పర్సనల్ లెర్నింగ్ ఎడిషన్ ఉచితం. వ్యాపారానికి వాడాలంటే మాత్రం లైసెన్స్ కొనాల్సిందే.

మొదటి మోడల్‌కు సోర్స్ (మనుషులు వచ్చే చోటు), క్యూ (వేచి ఉండే వరస), డిలే (కౌంటర్‌లో పని జరిగే సమయం), సింక్ (బయటికి వెళ్లే చోటు) అనే నాలుగు బ్లాకులు చాలు. వాటిని లాగి, వరసగా కలిపి, రన్ నొక్కితే మనుషుల బొమ్మలు కదులుతాయి. చాలామంది అక్కడే నమ్మేస్తారు. నమ్మే ముందు జవాబు తెలిసిన లెక్క ఒకటి పెట్టి చూడండి. ఒకే కౌంటర్, మనిషికి సగటున ఒక నిమిషం పని, గంటకు 50 మంది రాక. రాకల మధ్య వ్యవధి, పని సమయం రెండూ ఎక్స్‌పొనెన్షియల్ (ఎక్కువగా చిన్నవి, అప్పుడప్పుడు చాలా పెద్దవి వచ్చే యాదృచ్ఛిక పంపిణీ) అయితే క్యూలో సగటు నిరీక్షణ 5 నిమిషాల దగ్గర తేలాలి. 54 మంది వస్తే 9 నిమిషాలు, 57 మంది వస్తే ఏకంగా 19. ఏడుగురు పెరిగితేనే నిరీక్షణ దాదాపు నాలుగింతలవుతుంది! యాజమాన్యానికి చూపించాల్సింది ఇదే.

డిలేలో మీ సొంత అంకెలు వేసేటప్పుడు జాగ్రత్త. పై లెక్కలో నిమిషాల్లో సగటు, రేటు రెండూ 1 కాబట్టి తేడా తెలియదు. ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్ అడిగేది సగటు కాదు, రేటు (నిమిషానికి ఎంతమంది పని పూర్తవుతుందో). సగటున 2 నిమిషాలు కావాలని 2 వేస్తే అర నిమిషమే పడుతుంది, వేయాల్సింది 0.5. ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి ఈ తప్పు చివరిదాకా దొరకదు.

క్యూ కెపాసిటీ డిఫాల్ట్‌గా 100. నిండితే ఏజెంట్ (మోడల్‌లో కదిలే మనిషి) బయటికి వెళ్లలేకపోయిందంటూ రన్ ఆగిపోతుంది. వెంటనే మాగ్జిమమ్ కెపాసిటీ టిక్ చేయడం తేలికే గానీ, క్యూ అలా పెరుగుతూనే ఉంటే లోపం సెట్టింగ్‌లో ఉండకపోవచ్చు. వచ్చేవాళ్లకు కౌంటర్లు చాలడం లేదేమో ముందు చూడాలి.

టైమ్ మెజర్ స్టార్ట్, టైమ్ మెజర్ ఎండ్ బ్లాకులు ఈ సాఫ్ట్‌వేర్‌లో మాకు బాగా నచ్చినవి. ఎవరు ఎంతసేపు ఆగారో హిస్టోగ్రామ్‌లో కనిపిస్తుంది, సగటు వెనక దాగిన పొడవాటి తోకతో (చాలాసేపు ఆగిన కొద్దిమందితో) సహా. మోడల్ ఖాళీగా మొదలవుతుంది కాబట్టి మొదట్లో వచ్చే అంకెలను లెక్కలోంచి తీసేయాలి. సీడ్ (యాదృచ్ఛిక అంకెలకు మొదలుగా వాడే సంఖ్య) ఫిక్స్‌డ్‌లో ఉంటే ఎన్నిసార్లు నడిపినా అదే ఫలితం వస్తుంది. పారామీటర్ వేరియేషన్ (మోడల్‌ను పదేపదే నడిపే ప్రయోగం)లో సీడ్ మారుస్తూ, ఒక్కో ప్రత్యామ్నాయాన్ని కనీసం 30 సార్లు నడిపించి పోల్చండి.

ఎనీలాజిక్‌లో కోడ్ రాసే భాష జావా బొత్తిగా రానివాళ్లు కొంచెం పెద్ద మోడల్‌కే ఇబ్బంది పడతారు, కంపైల్ ఎర్రర్లు సూటిగా అర్థం కావు. పైథాన్ వచ్చి, బొమ్మలు అక్కర్లేకపోతే ఇదే లెక్కకు ఉచితంగా దొరికే సిమ్‌పై అనే పైథాన్ లైబ్రరీ చాలు.