దూరప్రయాణాల బండి కొనే ముందు ఒకసారి అనంతగిరి ఘాట్ ఎక్కించండి

చైను సర్దినందుకు 350 రూపాయలు బిల్లు వేసి, ఆ చైనునే తంబుర తీగలా బిగించి పంపిన సర్వీస్ సెంటర్ సంగతి ముందు చెప్పాలి. విశాఖ నుంచి అరకు, పాడేరు, లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగి మళ్ళీ ఊరు చేరే దారి మాది. సుమారు 330 కిలోమీటర్లు. జట్టులో హిమాలయన్ 450, మీటియర్ 350, వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్, ఎక్స్‌పల్స్ 200, ఇంటర్‌సెప్టర్ 650 మోటారు సైకిళ్ళు ఉన్నాయి. వీటిలో ఏ బండికి ఇలా జరిగిందో, ఆ షోరూము ఏదో రాయడం లేదు. ఏ కంపెనీ బండికైనా ఇదే జరగవచ్చు, జరుగుతోంది కూడా.

బిల్లు మొత్తం 2,840 రూపాయలు. ఇంజిన్ ఆయిలు, ఫిల్టరు, లేబరు పోగా ‘చైన్ క్లీనింగ్, లూబ్, అడ్జస్ట్‌మెంట్’ 350, ‘కన్స్యూమబుల్స్’ 120. ఆ 120 దేనికని అడిగితే కౌంటరు దగ్గర వచ్చిన జవాబు: ‘అందరికీ వేస్తామండి.’ చైను లోపలి వైపు వేలు పెట్టి చూస్తే పాత మడ్డి అలాగే ఉంది. వాటర్ జెట్ కొట్టి, మట్టి మీదే స్ప్రే చల్లారు.

ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు, పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట వరకు చదును దారి, చెప్పుకోవలసింది ఏమీ లేదు. ఎస్.కోటలో ట్యాంకులు నింపాం. అనంతగిరి కొండదారి మొదలయ్యాక, చైను బిగించిన ఆ బండి వెనక నుంచి సన్నగా ‘ఊఁ’ అని రొద. దముకు దాటి గుంటలు పడేసరికి, గుంట పడ్డ ప్రతిసారీ వెనక చక్రాన్ని ఎవరో పట్టి లాగినట్టు కుదుపు. వెనక కూర్చున్న వదిన గాలికొండ దగ్గర దిగి, ‘ఇక ఈ బండి మీద నేను కూర్చోను బాబూ’ అని వీ-స్ట్రామ్ మీదకి మారిపోయారు. బండి ఆపి చూస్తే, చైను వేలితో పైకి లేపితే కదలడం లేదు. చైను తిప్పే పళ్ళ చక్రం, అంటే స్ప్రాకెట్, కాలిపోతోంది.

ఎందుకిలా అవుతుందో తెలుసుకుంటే ఏ సర్వీస్ సెంటరూ మోసం చేయలేదు. గేర్‌బాక్స్ దగ్గరి చిన్న స్ప్రాకెట్టు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) ఫ్రేముకి తగిలే పివట్టు, వెనక యాక్సిలు అనే మూడు కేంద్రాలు ఉంటాయి. బండి సెంటర్ స్టాండ్ మీద ఉన్నప్పుడు చక్రం కిందకి వేలాడుతుంది, ఆ మూడూ ఒక గీత మీద ఉండవు, చైను వదులుగా కనిపిస్తుంది. ఇద్దరు మనుషులు, సామాను ఎక్కాక సస్పెన్షన్ కుంగి ఆ మూడూ వరసలోకి వస్తాయి. చిన్న స్ప్రాకెట్టుకీ యాక్సిలుకీ మధ్య దూరం అప్పుడే అన్నిటికన్నా ఎక్కువ. స్టాండ్ మీదే బిగుతుగా ఉన్న చైనుకి అక్కడ సాగే చోటు లేదు. ఆ లాగుడంతా గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్టు బేరింగు మీద, దాని ఆయిల్ సీలు మీద, వెనక చక్రం బేరింగు మీద పడుతుంది. సీలు పోతే ఆయిలు కారుతుంది, బేరింగు పోతే ఇంజిను విప్పాలి. 350 రూపాయల పని వేలల్లోకి వెళ్ళే దారి ఇదే.

అరకులో సంత దారి దగ్గర ఒక రేకుల షెడ్డు మెకానిక్ చూశాడు. పని చేసిన తీరు రాయడం అవసరం. మొదట వెనక చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ చైను అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోటు వెతికాడు. చైను అన్ని లింకుల దగ్గరా ఒకేలా అరగదు కాబట్టి కొలత అక్కడే తీయాలి. యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండు వైపులా అడ్జస్టరు మరలు సమానంగా తిప్పాడు. స్వింగ్ ఆర్మ్ మీది గీతలు చూసి వదిలేయకుండా రెండు పక్కలా స్కేలు పెట్టి కొలిచాడు. నట్టు బిగించాక మళ్ళీ చక్రం తిప్పి చూశాడు, ఎందుకంటే నట్టు బిగించేటప్పుడు చైను కాస్త బిగుస్తుంది. చివర్లో మాలో ఇద్దరిని సామానుతో ఎక్కించి, చైను కింది వరసను వేలితో లేపి చూపించాడు: ఇంకా కొద్దిగా ఆడుతోంది. ‘గురువుగారూ, మనిషి కూర్చున్నాక చూడాలి గానీ ఖాళీ బండికి చూస్తే ఏం లాభం?’ అన్నాడు. తీసుకున్నది వంద రూపాయలు. మేము రెండు వందలు ఇస్తే వంద వెనక్కి ఇచ్చేశాడు.

చాలా బళ్ళకి ఖాళీగా ఉన్నప్పుడు చైను 25 నుంచి 35 మి.మీ. ఆడాలి. సస్పెన్షన్ ట్రావెల్ ఎక్కువున్న అడ్వెంచర్ బళ్ళకి ఇంకొంచెం ఎక్కువ. సరైన అంకె మాన్యువల్లోనో, స్వింగ్ ఆర్మ్ మీది స్టిక్కర్లోనో ఉంటుంది, అదే ప్రమాణం. 500 కిలోమీటర్లకోసారి కిరసనాయిలుతో, మెత్తటి బ్రష్షుతో కడిగి, ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్ లోపలి వైపు రాయాలి. పెట్రోలుతో కడగకండి, చైను లింకుల్లోని రబ్బరు ఓ-రింగులు గట్టిపడి పగులుతాయి.

ఇక బండి ఎంపిక. ఈ దారిలో తేలిన మాట ఒకటే: దూరం తట్టుకునే బండి అంటే హార్స్‌పవరు ఎక్కువున్న బండి కాదు, పాడేరులోనో చింతపల్లిలోనో ఆగిపోతే అక్కడి మనిషి బాగుచేయగలిగిన బండి. నాలుగు వరసల జాతీయ రహదారి మీద రెండు చక్రాల బండికి చట్టం ఇచ్చిన గరిష్ఠ వేగమే గంటకు 80. తుని, అన్నవరం వైపు 16వ నంబరు రహదారి మీద ఆ వేగంతో 350 సీసీ బండి రోజంతా హాయిగా పోతుంది. తేడా తెలిసేది అనంతగిరి మలుపుల్లోనే. ఇద్దరు మనుషులు, పాతిక కిలోల సామానుతో రెండో గేరులో లారీని దాటాలి. అక్కడ హిమాలయన్ 450కి ఉన్న 40 ఎన్.ఎం. టార్కు (ఇంజిను లాగే బలం), ఇంటర్‌సెప్టర్‌కి ఉన్న 52 నిజంగా పనికొచ్చాయి. మీటియర్ 27తోనూ ఎక్కింది, కాకపోతే తొందరపడకూడదు.

నేల నుంచి బండి ఎత్తు కూడా చూడండి. మేము వెళ్ళినప్పుడు 516ఇ జాతీయ రహదారి విస్తరణ పనుల వల్ల పాడేరు, చింతపల్లి మధ్య కొన్నిచోట్ల కంకర, కొన్నిచోట్ల బురద. హిమాలయన్ 450కి 230 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్సు, ఎక్స్‌పల్స్‌కి 220, వీ-స్ట్రామ్‌కి 205. మీటియర్‌కి 170, ఇంటర్‌సెప్టర్‌కి 174. చివరి రెండూ కంకరలో మెల్లగా నడపాలి, సామాను పెరిగితే వెనక షాక్ ప్రీలోడ్ (స్ప్రింగు బిగింపు) తప్పకుండా పెంచాలి. టూల్ కిట్‌లో దానికి సి-స్పానరు ఉందో లేదో షోరూములోనే చూసుకోండి. ప్రీలోడ్ పెంచకపోతే బండి వెనక్కి కుంగి, హెడ్‌లైటు ఆకాశం చూస్తుంది. లంబసింగి మంచులో అది ప్రమాదం.

చక్రాల విషయంలో నా అభిప్రాయం గట్టిగానే ఉంటుంది. విశాఖలో ఉండేవాళ్ళు వీలైతే ట్యూబ్‌లెస్ చక్రమే తీసుకోవాలి. అల్లాయ్ అయినా సరే, ట్యూబ్‌లెస్ స్పోక్ అయినా సరే. మేకు దిగితే రంధ్రంలో రబ్బరు స్ట్రిప్పు కుక్కి గాలి కొట్టి పదిహేను నిమిషాల్లో కదలొచ్చు. ట్యూబు బండి అయితే చక్రం విప్పాలి. ముందు 21 అంగుళాల చక్రం ఉన్న బండికి ఆ ట్యూబు చిన్న ఊళ్ళలో దొరకదు, దుకాణాల్లో ఉండేవి 17, 18 అంగుళాలవి. కాబట్టి 21 అంగుళాల ట్యూబు ఒకటి వెంట ఉండాలి. తప్పనిసరైతే దాన్నే మడిచి వెనక చక్రంలోనూ వేయవచ్చు, దగ్గరి ఊరు చేరడానికి మాత్రమే.

కొత్త రకం బళ్ళలో ఇంకో లెక్క ఉంది. హిమాలయన్ 450లో యాక్సిలరేటర్ కేబులు లేదు, రైడ్-బై-వైర్, అంటే సెన్సారు, కరెంటు తీగల ద్వారా నడుస్తుంది. రేడియేటరు ఉంది. ఇవి మంచివే, కానీ సెన్సారు తేడా చేస్తే రేకుల షెడ్డులో పరికరం ఉండదు. గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్ బండిలో పోయేవి క్లచ్ కేబులు, ప్లగ్గు, ఫ్యూజు. వాటి స్పేర్లు మూడూ కలిపి సీటు కింద పట్టేస్తాయి. ఒంటరిగా ఒడిశాలోని కోరాపుట్, ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ దాకా వెళ్ళేవాళ్ళకి నేను సాదా బండే చెబుతాను. స్పేర్ క్లచ్ కేబులును పాత కేబులు పక్కనే టేపుతో చుట్టి ఉంచితే, తెగినప్పుడు రెండు చివరలు మార్చడమే పని.

ధర విషయం: 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ళకి జీఎస్టీ 18 శాతం, ఆ పైన 40 శాతం. మీటియర్, వీ-స్ట్రామ్, ఎక్స్‌పల్స్ ఈ గీతకి లోపల ఉన్నాయి, 450, 650 బయట. కొనేవాళ్ళు ఈ తేడాతో మంచి టైర్లు, సాడిల్ బ్యాగులు, జాకెట్టు కొనుక్కోవచ్చు. ట్యాంకు కూడా చూసుకోండి: హిమాలయన్ 450ది 17 లీటర్లు, మీటియర్‌ది 15, వీ-స్ట్రామ్‌ది 12. లీటరుకి 35 వచ్చినా 12 లీటర్ల బండిని 350 దాటకుండా బంకుకి తిప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష షోరూములో కాదు, స్పేర్‌పార్ట్స్ కౌంటరులో. కొనబోయే మోడలుకి ఐదు అడగండి: క్లచ్ కేబులు లేదా లీవరు, ముందు బ్రేక్ ప్యాడ్లు, చైన్ స్ప్రాకెట్ కిట్టు, ఎయిర్ ఫిల్టరు, కోన్ సెట్టు (హ్యాండిలు తిరిగే చోటి బేరింగులు). ‘ఆర్డరు పెట్టాలి’ అని మూడింటికి జవాబు వస్తే ఆ బండి ఎంత బాగున్నా ఆలోచించండి.

విశాఖలో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి ఉప్పుగాలి సంగతి వేరుగా చెప్పాలి. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు అపార్టుమెంటు సెల్లారులో ఉన్న బండి కిలోమీటర్లు తక్కువ తిరిగినా ముసలిదై ఉంటుంది. ముందు ఫోర్కు రాడ్డు మీద గోరుతో గీరండి. గోరు తగిలే గుంటలుంటే కొత్త ఆయిల్ సీలు వేసినా కోసుకుపోతుంది, రాడ్డే మార్చాలి. స్పోకుల చివరి నట్లు (నిపుళ్ళు) తుప్పు పట్టి కదలకపోతే చక్రం వంకర తీయడం కుదరదు. హెడ్‌లైటు విప్పి కనెక్టర్లు లాగి చూడండి, పచ్చగా చిలుము కనిపిస్తే వైరింగు రేపో మాపో ఇబ్బంది పెడుతుంది. సైలెన్సరు కింది అంచు, చైను గార్డు వెనక, ట్యాంకు కింద ఫ్రేము వెల్డింగులు చూడండి. పెయింటు పైపైన మెరిసినా ఇవి దాచలేరు. బ్రేక్ ఆయిలు తేమ పీలుస్తుంది, రెండేళ్ళకోసారి డాట్ 4 కొత్తది మార్చాల్సిందే. పాతది ఉంటే లంబసింగి నుంచి డౌనూరు వైపు దిగేటప్పుడు లీవరు మెత్తబడి చేతికి తగులుతుంది. అలా దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి.

అరకులో బస గురించి మంచి మాట రాయలేను. ఫోనులో 1,800 అన్న గదికి వెళ్ళాక ‘వీకెండు రేటు’ అని 2,600 అడిగారు. వేణ్ణీళ్ళు ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకే. ‘లోపలే పార్కింగు’ అన్నది తీరా చూస్తే రోడ్డు పక్క ఖాళీ స్థలం, గేటు లేదు. మావాళ్ళలో ఒకరు రాత్రంతా కిటికీ దగ్గరే గడిపి, పొద్దున ఎవరితోనూ మాట్లాడలేదు. ధర, పార్కింగు ఫోటో రెండూ మెసేజీలో తెప్పించుకున్నాకే అడ్వాన్సు పంపండి. ఏపీ టూరిజం వారి హరిత రిసార్టులు అరకులో, అనంతగిరిలో ఉన్నాయి, శని ఆదివారాలకి ముందే బుక్ చేసుకోవాలి. బొంగు చికెన్ మాత్రం నిప్పుల మీద కాలుతున్నది కళ్ళతో చూసి చెప్పండి, ముందే కాల్చి వేడి చేసినది ముక్క పీచులా ఉంటుంది.

పాడేరు దాటాక ఒక పాకలో గిన్నెడు చోడి (రాగి) అంబలి, నంజుకి పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, 20 రూపాయలు. చలిలో వణుకుతూ దిగిన జట్టు మొత్తం అక్కడే మామూలు మనుషులైంది, వదిన కూడా మళ్ళీ మొదటి బండి ఎక్కారు.

ఊరు చేరాక సర్వీస్ సెంటరుకి బిల్లు, చైను ఫోటోలతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. 350 తిరిగి ఇచ్చారు, కన్స్యూమబుల్స్ 120 ఇవ్వలేదు. అవుట్‌పుట్ షాఫ్ట్ సీలు దగ్గర ఆయిలు తడి ఉందో లేదో వారంటీ కోసం రాసి ఇమ్మని అడిగి, జాబ్ కార్డులో ఎక్కించుకున్నాం. మీకూ ఇలాంటిది జరిగితే ముందు అది రాయించుకోండి, తర్వాత సీలు పోతే ఆ కాగితమే ఆధారం.