పదివేలలో కారు స్పీకర్లు: కోయాక్సియలా, కాంపోనెంటా?

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు, కంపెనీ స్పీకర్ల సౌండుతో విసిగిపోయినవాళ్లు ఈ మధ్య అందరూ ఇదే అడుగుతున్నారు. బడ్జెట్ పదివేలు, కోయాక్సియల్ వేయించాలా, కాంపోనెంటా? సన్నటి ధ్వనులిచ్చే ట్వీటర్, లావు ధ్వనులిచ్చే వూఫర్ ఒకే స్పీకర్‌లో ఉంటే కోయాక్సియల్, రెండూ విడివిడిగా వస్తే కాంపోనెంట్. విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే, గుంటూరులో అడిగితే, షాపువాళ్లు ఎక్కువగా కాంపోనెంట్ వైపే మొగ్గుతారు. పవర్ పెంచే ఆంప్లిఫయర్ జోలికి పోకుండా, ఉన్న స్టీరియోతోనే నడిపించేవాళ్లకు నా ఓటు కోయాక్సియల్‌కే. అయితే ఒక షరతు: మిగిలిన డబ్బు డోరు మీద పెట్టాలి.

ముందు కాంపోనెంట్‌కు దక్కాల్సిన మాట దానికి దక్కాలి. ట్వీటర్ విడిగా వస్తుంది కాబట్టి దాన్ని సైడ్ మిర్రర్ దగ్గరి త్రికోణపు ప్లాస్టిక్ ముక్కలోనో, ముందు అద్దం పక్కనుండే ఏ-పిల్లర్ మీదో బిగిస్తారు. గాయకుడి గొంతు డ్యాష్‌బోర్డు మీద నుంచి వస్తున్నట్టు ఉంటుంది. కోయాక్సియల్‌లో ట్వీటర్ వూఫర్ నడుమే కూర్చుంటుంది, పాట మన మోకాళ్ల దగ్గర మొదలవుతుంది. వీణ, వయొలిన్ ఎక్కువగా వినేవాళ్లు ఈ తేడాను మొదటి నిమిషంలోనే పట్టేస్తారు.

చిక్కంతా పవర్ దగ్గర. స్టీరియో మీద 50 వాట్లు ఇంటూ 4 అని ఉంటుంది. అది పీక్ లెక్క. నిలకడగా ఇచ్చేది ఛానెల్‌కు 15 నుంచి 20 వాట్లే. అందుకని స్పీకర్ డబ్బా మీద వాట్లు ఎన్ని వందలున్నాయో వదిలేసి, సెన్సిటివిటీ చూడండి, అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత సౌండు వస్తుందో డెసిబెల్స్‌లో చెప్పే అంకె. 3 డెసిబెల్స్ ఎక్కువుంటే సగం పవర్‌తోనే అంత సౌండు వస్తుంది. అంటే 91 ఉన్న స్పీకర్ 15 వాట్లతో చేసే పనికి 88 ఉన్నదానికి 30 వాట్లు కావాలి. ఇక్కడో చిన్న మాయ ఉంది. కొందరు 1 వాట్ దగ్గర కొలుస్తారు, కొందరు 2.83 వోల్టుల దగ్గర. 4 ఓమ్స్ స్పీకర్‌కు 2.83 వోల్టులంటే 2 వాట్లు. అలా రాసిన అంకెలోంచి 3 తీసేసి పోల్చుకోండి. కాంపోనెంట్ సెట్లలో చాలావాటికి ఆంప్లిఫయర్ ఉంటేనే ఊపిరి వస్తుంది. స్టీరియోకే తగిలిస్తే గొంతు బాగానే ఉంటుంది, డప్పు మాత్రం డీలా పడిపోతుంది.

ఇక డోరు సంగతి. నా లెక్కలో స్పీకర్ కంటే ఇదే ముఖ్యం. డోరుకు లోపలివైపుండే ప్లాస్టిక్ ట్రిమ్ ఊడదీయించి లోపలి రేకు చూడండి, చేయి దూరేంత రంధ్రాలుంటాయి. వాటి మీద కంపెనీవాళ్లు అంటించేది చాలా కార్లలో పల్చటి ప్లాస్టిక్ షీటే. స్పీకర్‌లో కదిలే గిన్నెలాంటి కోన్ ముందుకొచ్చినప్పుడు వెనక గాలి ఆ రంధ్రాల్లోంచి ముందుకొచ్చి కలుస్తుంది, బేస్ అక్కడే చచ్చిపోతుంది. ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా అంతే. బయటి రేకుకు లోపలివైపున రేకు అదురును ఆపే బ్యూటైల్ రబ్బరు డ్యాంపింగ్ షీట్ అంటించి, లోపలి రేకు రంధ్రాలు మూయించండి. అంటించక ముందు వేలి కణుపుతో తలుపు తడితే రేకు డబ్బాలా టంగుమంటుంది, అంటించాక దబ్ అని ఆగిపోతుంది. వారధి మీద జాయింట్లు దాటేటప్పుడు వచ్చే గడగడ కూడా కొంత తగ్గుతుంది. గుంటూరు, విజయవాడ మధ్య రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లకు అదో లాభం. టైర్ల హోరు మాత్రం పోతుందని ఆశపడకండి.

చవగ్గా దొరికే తారు షీట్లు మన ఎండలకు పనికిరావు. మే నెలలో కారు ఎండలో నిలబెడితే మెత్తబడి జారతాయి, లోపలంతా తారు వాసన. కొనేముందు వాసన చూస్తే చాలు, తెలిసిపోతుంది. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలను మాత్రం మూయనివ్వకండి. అద్దం వెంబడి లోపలికి దిగిన వాన నీరు అటే పోవాలి, లేకపోతే తుప్పే. స్పీకర్ కింద పెట్టే రింగు కూడా ప్లాస్టిక్‌దే అడగండి. రంగు వేయని ఎండీఎఫ్ చెక్క రెండు వానాకాలాలకే ఉబ్బుతుంది.

బడ్జెట్ ఇలా వేసుకోవచ్చు: పేరున్న బ్రాండు ఆరున్నర అంగుళాల కోయాక్సియల్ జత మూడు నాలుగు వేలు, ముందు రెండు డోర్ల డ్యాంపింగ్ మూడు వేలకు అటూ ఇటూ. మిగతాది వైర్లు కోయకుండా కలిపే కప్లర్లకు, రింగులకు, కూలికి. ఒరిజినల్ వైరు కోయనివ్వకండి, కప్లర్ పెడితే రేపు మళ్లీ పాతవి తగిలించుకోవచ్చు. కాంపోనెంట్ తీసుకుంటే డబ్బంతా స్పీకర్లకే సరిపోతుంది, డోరుకు ఏమీ మిగలదు. ముందుముందు ఆంప్లిఫయర్ కొనడం ఖాయమనుకుంటే మాత్రం ఇప్పుడే కాంపోనెంట్ తీసుకోండి, కాదనను.

వెనక స్పీకర్లా? ఉన్నవి ఉండనివ్వండి. సీటు కింద పెట్టే సబ్‌వూఫర్ బాగుంటుంది గానీ ఈ బడ్జెట్‌లో దాని ఊసే వద్దు.

బిల్లు కట్టేముందు ట్రిమ్ క్లిప్పులు విరగలేదని చూసుకోండి. ఒక్కటి తగ్గినా బేస్ వచ్చినప్పుడల్లా డోరు చప్పుడు చేస్తుంది. తర్వాత స్టీరియోలో సౌండును ముందు, వెనక స్పీకర్లకు పంచే ఫేడర్ పూర్తిగా ముందుకు తిప్పి, డప్పున్న పాట ఒకటి పెట్టి, బ్యాలెన్స్ ఒక పక్కకు జరిపి, మళ్లీ మధ్యకు తెండి. ఒక్క పక్క మోగినప్పటికంటే రెండూ కలిసి మోగినప్పుడు బేస్ పల్చబడితే, ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారయ్యాయన్నమాట. అప్పటికప్పుడే డోరు విప్పించి సరిచేయించండి.