కోచింగ్ బాగుంది, మావోళ్లకే ఇంకా టైం పడతాది

అలిపిరి రోడ్డు పక్కన సాయంత్రం బాస్కెట్‌బాల్ కోచింగ్ ఇది, మా తమ్ముడోళ్ల కాలేజీ టీం మొత్తం ఈడే చేరింది, అంతా ఫస్టియర్ సెకండియర్ పిల్లోళ్లే. మూడు క్వార్టర్లు బాగానే లాగుతారు, నాలుగోదానికి వచ్చేసరికి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోతారు, 24 సెకన్లలో షాట్ వేయాలని తెలిసి కూడా బాల్ ఒకరికొకరు ఇచ్చుకుంటానే ఉంటారు ఏందో. సార్ మాత్రం అరవడు, బాగా పరిగెత్తించి రొప్పుతా ఉన్నప్పుడే ఫ్రీ త్రోలు (ఫౌల్ అయితే ఎవరూ అడ్డం రాకుండా వేసే షాట్లు) వేయిస్తాడు, మ్యాచ్‌లో అట్లనే కదా వేయాల్సింది.

కోర్టే దండగ. సిమెంటంతా గరుకు, 7వ నంబర్ సైజు (మగోళ్లు ఆడే సైజు) బాల్ నున్నగా అరిగిపోయింది, వాన పడితే సెలవే. ఫీజు పర్లేదు. పొడుగు పిల్లోడొకడు ఉన్నాడు, రీబౌండ్ (బుట్టలో పడకుండా వెనక్కొచ్చిన బాల్) పట్టినాక దాన్ని కిందికి దించకుండా గడ్డం కింద పెట్టుకోవడం ఇప్పుడే వస్తా ఉంది, మానకుండా వస్తే యూనివర్సిటీ టీంలో ఉంటాడు. నాలుగు స్టార్లు, ఒకటి ఆ బాల్‌కి కోసినా.