పిల్లల తిక్క పాటలకు ఎలాంటి మాటలు మేలు?

పిల్లల కోసం తిక్క కవిత్వం (ఇంగ్లీషులో ‘నాన్సెన్స్ వర్స్’) రాసేవాళ్లకు దారులు చాలానే ఉన్నాయి. ఉన్న మాటలతోనే తిక్క పుట్టించవచ్చు. రెండు మాటలు అతికి మూడోది చేయవచ్చు. లేదా ఎక్కడా లేని మాటనే తెచ్చి పెట్టవచ్చు.

మొదటి దారిలో అమెరికా పిల్లల రచయిత డాక్టర్ స్యూస్‌ను మించినవాళ్లు తక్కువ. 1960లో వచ్చిన ‘గ్రీన్ ఎగ్స్ అండ్ హామ్’ మొత్తం 50 వేర్వేరు మాటలతోనే నడుస్తుంది. తింటావా, తినను అన్న గోలే కథంతా. అప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది, కూడబలుక్కున్న మాటే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది కాబట్టి. మాటలతో ఆట మాత్రం తక్కువ.

అతుకు మాటలకు పేరుపడ్డవాడు ఆలిస్ కథలు రాసిన లూయిస్ కారల్. ‘త్రూ ద లుకింగ్ గ్లాస్’ పుస్తకంలోని ‘జాబర్‌వాకీ’ అనే కవితలో వచ్చే ‘స్లైదీ’ అంటే ‘లైద్’ (చురుకైన), ‘స్లైమీ’ (జిగటైన) కలిసినదని ఆ పుస్తకంలోనే హంప్టీ డంప్టీ అనే పాత్ర విప్పి చెబుతాడు. బెంగాలీలో కవి సుకుమార్ రాయ్ బాతునీ (హాంస్) ముళ్లపందినీ (సజారు) కలిపి ‘హాంస్‌జారు’ చేశాడు. తెలివైన పనే, కాదనను. కానీ అతికిన రెండు మాటలూ ముందే తెలిసినవాళ్లకే నవ్వొస్తుంది. నాలుగేళ్ల పిల్లకు విడమరచి చెప్పాలి, చెబితే ఇక నవ్వెక్కడిది? రాయ్ గడుసువాడు, బొమ్మ కూడా తనే గీసి పెట్టాడు.

నా ఓటు మూడో దారికే. ఇంగ్లీషు కవి ఎడ్వర్డ్ లియర్ ఒక పాటలో చెంచాను ‘రన్సిబుల్’ అన్నాడు. తర్వాత పిల్లినీ, టోపీనీ కూడా అలాగే అన్నాడు. అర్థం మాత్రం చెప్పలేదు. అందుకే వినేవాళ్లకు చేతినిండా పని. ఈ వాక్యం చూడండి:

“బురికిలి గట్టున కూర్చుని లుబురుతోంది.”

ఎవరు? బురికిలి. ఎక్కడ? గట్టున. నిన్న ఏం చేసింది? “లుబిరింది” అని పిల్లలు ఠక్కున అనేస్తారు. ఇంకోటి వచ్చి పక్కన కూర్చుంటే? “బురికిళ్లు”. వాకిలి వాకిళ్లయినట్టే. ఈ సూత్రం వాళ్లకెవరూ నేర్పలేదు. 1958లో జీన్ బెర్కో అనే భాషా పరిశోధకురాలు అచ్చం ఇలాగే ‘వగ్’ అనే లేని జంతువు బొమ్మ చూపించి, రెండుంటే ఏమంటారని అమెరికా పిల్లలను అడిగింది. చాలామంది ‘వగ్స్’ అన్నారు. భాష లోపలి కీళ్లు పిల్లలకు అంత బాగా తెలుసు. తిక్క మాట వాటిని కదిలిస్తుంది.

అయితే చుట్టూ ఉన్న వాక్యం తిన్నగా ఉండాలి. విభక్తులు, క్రియల చివర్లు ఎక్కడివక్కడ లేకపోతే అది పాట కాదు, చప్పుడు. జర్మన్ కవి మోర్గెన్‌స్టెర్న్ 1905లో మొత్తం చప్పుళ్లతోనే ఒక కవిత అచ్చు వేయించాడు. గట్టిగా చదువుతుంటే భలే ఉంటుంది. కానీ అందులో ఎవరు, ఎక్కడ, ఏం చేశారని అడిగే వీలే లేదు.

కాబట్టి ఆరేళ్లలోపు వాళ్లకు రాస్తుంటే పాదానికి ఒకటో రెండో కొత్త మాటలు చాలు. “లుబరడం అంటే ఏంటి?” అని అడిగితే మీరు చెప్పకండి. “నువ్వే లుబిరి చూపించు” అనండి. అతుకు మాటలను ఎనిమిదేళ్లు దాటాక తీయవచ్చు. ఆ వయసుకి వాళ్లే క్లాసులో ఒకరికొకరు పేర్లు అతికి పిలుచుకుంటుంటారు.